కలావతి వదిలి వెళ్లిన ప్రసాదం

సత్యనారాయణ వ్రత కథ వింటున్నప్పుడు సాధువనే వర్తకుడు మొక్కు మర్చిపోయాడనీ, అందుకే కష్టాలపాలయ్యాడనీ అనుకుంటాం. శ్లోకాలు జాగ్రత్తగా వింటే మరుపు తరవాతి సంగతి. అంతకు ముందు రెండుసార్లు వాయిదా వేశాడు, రెండుసార్లూ పూర్తి స్పృహతోనే.

ఉల్కాముఖ మహారాజు నది ఒడ్డున వ్రతం చేస్తుంటే సాధువు పడవలు ఆపి చూశాడు. ఎందుకు చేస్తున్నారని అడిగి తెలుసుకున్నాడు. ఇంటికొచ్చి భార్య లీలావతితో అన్న మాట ఇది: "తదా వ్రతం కరిష్యామి యదా మే సంతతిర్భవేత్". నాకు సంతానం ఎప్పుడు కలిగితే అప్పుడు చేస్తాను. కూతురు పుట్టింది, కలావతి అని పేరు పెట్టారు. లీలావతి మెల్లగా గుర్తు చేసింది. "వివాహసమయే త్వస్యాః కరిష్యామి వ్రతం ప్రియే" అన్నాడు. దీని పెళ్లికి చేద్దాంలే అని. పిల్ల పెరిగింది, కాంచన నగరం నుంచి మంచి సంబంధం వచ్చింది, పెళ్లి ఘనంగా అయిపోయింది. పెళ్లిలోనూ వ్రతం జరగలేదు. మర్చిపోయాడని కథ అనేది ఇక్కడే. ఆ వెంటనే అల్లుణ్ని వెంటబెట్టుకుని వ్యాపారానికి రత్నసానుపురం బయలుదేరాడు.

అతని పేరే సాధువు. చెడ్డవాడని కథ ఎక్కడా అనదు. కష్టపడి సంపాదించేవాడు, భార్యాపిల్లల్ని ప్రేమించేవాడు. అతని నోట ఎప్పుడూ 'యదా, తదా' ఉంటాయి. అది జరిగితే అప్పుడు ఇది. అడిగింది దొరికిన రోజునే దానికంటే పెద్దది మరొకటి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ర్యాంకు వస్తే చాలనుకున్నవాడికి ర్యాంకు వచ్చిన సాయంత్రమే సీటు బెంగ మొదలవుతుంది. సీటు తరవాత ఉద్యోగం, ఉద్యోగం తరవాత ఫ్లాటు, ఫ్లాటు తరవాత పిల్లల చదువు, విదేశంలో ఉన్నవాళ్లకి గ్రీన్‌కార్డు. ఇవన్నీ అక్కరలేనివని ఎవరనగలరు? సంతానం కోరడం తప్పని ఈ కథా అనలేదు. సంతానం కోసం వ్రతం చేస్తున్న ఉల్కాముఖుణ్ని కథ ఆదర్శంగానే చూపిస్తుంది.

భాగవతంలో వామనుడు బలి చక్రవర్తితో చెప్పే పోతనగారి కంద పద్యం మన పెద్దవాళ్ల నోట నిత్యం నలిగినదే.

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివేలనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

అతిగా పాకులాడకుండా, దిగులు పడకుండా, చేతికందిన కాస్తనే పదివేలనుకుని తృప్తిపడని మనిషికి ఏడు దీవులిచ్చినా కుదురు వస్తుందా అని. ఇందులో గట్టి మాట 'ప్రాప్తంబగు'. పద్యం చెప్పే తృప్తికి చోటు అప్పటికే చేతిలోకి వచ్చిన దాంట్లోనే. దొరికినదాన్ని దొరికిందని గుర్తించడానికి ఒక్క పూట ఆగమంటుంది. సత్యనారాయణ వ్రతమంతా ఆ ఒక్క పూటే.

మన తెలుగువాళ్లు ఈ వ్రతం ఎప్పుడు చేసుకుంటారో చూడండి. పెళ్లయిన మర్నాడో, ఆ రెండు మూడు రోజుల్లోనో కొత్త దంపతుల చేత చేయిస్తారు. గృహప్రవేశంనాడు పాలు పొంగించాక చేస్తారు. 1891లో స్వామి ప్రతిష్ఠ జరిగిన అన్నవరం రత్నగిరి మీద రోజూ పసుపు బట్టలతో, బాసికం గుర్తులు ఇంకా నుదుటి మీద ఉండగానే వచ్చి పీటల మీద కూర్చునే జంటలు కనిపిస్తాయి. సాధువు ఏ పెళ్లిరోజు దాటేశాడో సరిగ్గా ఆ సమయంలోనే మన పెద్దలు వ్రతాన్ని కట్టి ఉంచారు. ఇంత కచ్చితంగా ఆ ఆనవాయితీ పెట్టినవాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

సాధువు కంటే ముందు రెండో అధ్యాయంలో ఇద్దరు పేదవాళ్లు వస్తారు. కాశీ బ్రాహ్మణుడు వ్రతం చేయాలనుకున్న రాత్రి నిద్రే పోలేదు. తెల్లారి భిక్షకు వెళ్లి, వచ్చిన డబ్బుతో ఆ రోజే చేశాడు. కట్టెలమ్ముకునేవాడు దాహమై ఆ ఇంట్లోకి వచ్చాడు, వ్రతం చూశాడు, ప్రసాదం తిని నీళ్లు తాగాడు. అతను మనసులో అనుకున్న మాటలో 'అద్య' అనే ముక్క ఉంది: "ప్రాప్యతే చాద్య యద్ధనం, తేనైవ". ఇవాళ కట్టెలమ్మితే ఎంత వస్తే అంత, దాంతోనే. ఆ రోజు రెట్టింపు ధర పలికింది. అరటిపళ్లు, పంచదార, నెయ్యి, పాలు, గోధుమపిండి కొనుక్కుని ఇంటికెళ్లాడు. అతనికీ కోరికలున్నాయి, పేదరికం తీరాలని ఉంది. అయినా షరతు పెట్టలేదు.

ఈ 'అద్య' అనే మాటతోనే మన సంకల్పం నడుస్తుంది. పూజలో అన్నిటికంటే ఎక్కువ పరధ్యానంగా గడిపేసేదీ సంకల్పమే. ఆచమనం, ప్రాణాయామం అయ్యాక అక్షతలు పట్టుకుని కూర్చుంటాం. అయ్యవారు "అద్య బ్రహ్మణః ద్వితీయపరార్ధే" అని మొదలుపెట్టి కల్పం, మన్వంతరం, యుగం చెప్పి, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం దాకా దించుతారు. మరోపక్క ద్వీపం, వర్షం, ఖండం నుంచి నదుల మధ్య దేశానికీ, చివరికి 'స్వగృహే' అనే మాటకీ తీసుకొస్తారు. కోట్ల ఏళ్ల కాలంలోంచి ఈ పూటకి, భూమండలమంతటిలోంచి ఈ పీట మీదకి. కోరిక చెప్పుకునే ముందు మనిషిని తానున్న చోట, తానున్న రోజున కూర్చోబెట్టడమే దీని పని. తరవాతే గోత్రం, పేర్లు, కోరికలు వస్తాయి.

అందుకే ఇక్కడ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవకూడదు. అచ్చు పుస్తకాల్లో "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యదేశే" అని ఉంటుంది. విజయవాడవాళ్లకి అది సరిపోతుంది. గుంటూరు కృష్ణకి దక్షిణాన ఉంది, అక్కడ కృష్ణా కావేరుల మధ్య అని చెప్పుకోవాలి. విశాఖపట్నం గోదావరి దాటాక ఉంది. తిరుపతి శ్రీశైలానికి దక్షిణంగా, కాస్త ఆగ్నేయానికి ఒరిగి ఉంటుంది. హైదరాబాదు శ్రీశైలానికి ఉత్తరంగా, కాస్త వాయవ్యానికి ఒరిగి ఉంటుంది, ఈశాన్యం కాదు. అమెరికాలో చాలామంది పురోహితులు జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపే, రమణకవర్షే అని చెబుతారు. ముందురోజే అయ్యవారిని అడిగి మీ ఊరికి తగిన మాటలు కాగితం మీద రాసుకోండి. ఎక్కడ ఉన్నామో తప్పు చెప్పి, ఏం కావాలో మాత్రం ఒప్పుగా చెప్పడం బాగుండదు కదా.

కోరికల వరస కూడా వినదగ్గది. క్షేమం, స్థైర్యం, ధైర్యం, విజయం, అభయం, ఆయురారోగ్యాలు, ఐశ్వర్యం, ఆపైన ధర్మార్థకామమోక్షాలు. అన్నీ అడుగుతాం, మొహమాటం లేదు. ఇంట్లో లేని పిల్లల పేర్లూ నక్షత్రాలూ చెప్పాల్సింది ఇప్పుడే. తరవాత గుర్తొచ్చి "మా రెండోవాడి పేరు చెప్పలేదండీ" అని మధ్యలో ఆపకుండా ముందే రాసి ఇవ్వాలి. చివర్లో 'యావచ్ఛక్తి' అనే మాట వస్తుంది, నా శక్తి ఉన్నంత మేరకు అని. ఆపైన 'కరిష్యే' అనగానే నీళ్లతో అక్షతలు పళ్లెంలోకి వదిలేస్తాం. అడిగినవన్నీ పట్టుకున్న చేతిలోంచి అక్కడే జారిపోతాయి. ఆ తరవాత పూజ అయ్యేదాకా చేతులకి పని ఉంటుంది గానీ కోరిక మళ్లీ ఎత్తం.

ఆ 'యావచ్ఛక్తి' ఎంత నిజమో లీలావతిని చూస్తే తెలుస్తుంది. భర్తా అల్లుడూ చంద్రకేతు మహారాజు చెరసాలలో ఉన్నారు. దొంగ ఒకడు రాజుగారి సొమ్ము వాళ్ల దగ్గర పడేసి పారిపోతే వీళ్లు పట్టుబడ్డారు. ఇక్కడ ఇంట్లో దొంగలు పడి సర్వం ఊడ్చుకుపోయారు. లీలావతికి జబ్బు, తిండికి లేదు. కలావతి ఆకలితో ఒక ఇంటికి వెళ్లి అక్కడ వ్రతం చూసి, కథ విని, ప్రసాదం తిని రాత్రికి ఇల్లు చేరింది. అప్పుడు చేసింది లీలావతి వ్రతం. పుట్టినప్పుడు చేస్తాం, పెళ్లికి చేస్తాం అని ఓడల కొద్దీ సరుకున్న రోజుల్లో వాయిదాపడ్డ వ్రతం, ఇంట్లో గింజ లేని రోజున జరిగింది. అప్పటికి 'యదా' అనడానికి ఆ ఇంట్లో ఏమీ మిగల్లేదు.

రాజుకి కలలో స్వామి చెప్పాడు, సాధువు విడుదలయ్యాడు, పోయినదానికి రెట్టింపు ధనంతో బయలుదేరాడు. దారిలో సన్యాసి రూపంలో స్వామి ఎదురై పడవలో ఏముందని అడిగాడు. సాధువు నవ్వి "లతాపత్రాదికం" అన్నాడు. తీగలూ ఆకులూ ఉన్నాయి స్వామీ, ఇంకేముంటాయి అని. "సత్యం భవతు తే వచః", నీ మాటే నిజమవుగాక అన్నాడాయన. పడవ తేలికై పైకి లేచింది. చూస్తే నిజంగానే ఆకులు.

ఇది అబద్ధమాడినందుకు శిక్ష అని చెబుతారు, నిజమే. ఇంకో సంగతీ ఉంది. నిండు పడవ మీద నిలబడి ఏమీ లేదనడం మనకి అలవాటు. ఎలా ఉన్నారండీ అంటే "ఏముందండీ, ఏదో ఇలా గడుస్తోంది" అంటాం. దిష్టి తగులుతుందని కొంత, ఎవరైనా అప్పడుగుతారని కొంత. అంటూ అంటూ మనకే అది నమ్మకమైపోతుంది. ఇరవై ఏళ్లు కష్టపడి కట్టుకున్న ఇల్లు, పక్కవీధిలో ఇంకొకరి మూడంతస్తుల మేడ లేచాక ఆకుల కట్టలా కనపడుతుంది. ఇల్లు మారలేదు, ఒక్క ఇటుకా పోలేదు. సాధువు కూడా సన్యాసి కాళ్ల మీద పడ్డాక కొత్తగా సంపాదించింది లేదు. అదే పడవ, అదే సరుకు, మళ్లీ ధనంగా కనిపించింది.

ఆ తరవాతిది కలావతి ఘట్టం. కథలో నాకు అన్నిటికంటే దగ్గరగా తోచేది ఇదే. తండ్రీ భర్తా రేవుకి వచ్చారని కబురొచ్చేసరికి తల్లీ కూతుళ్లు వ్రతంలో ఉన్నారు. లీలావతి పూజ ముగించి, నువ్వూ త్వరగా రా అని ముందు వెళ్లింది. కలావతి కూడా వ్రతం పూర్తిచేసింది. పూజలో లోపం లేదు, కథ విన్నది, భక్తి ఉంది. "ప్రసాదం చ పరిత్యజ్య", ప్రసాదం ఒక్కటి వదిలేసి పరుగెత్తింది. భర్త ఉన్న పడవ మునిగిపోయింది. ఇంటికెళ్లి ప్రసాదం తిని రమ్మని ఆకాశవాణి చెప్పింది. తిని వచ్చింది, పడవ తేలింది.

భర్త కోసం పరుగెత్తిన పిల్ల మీద ఇంత కోపమా అని చిన్నప్పుడు అనిపిస్తుంది. పెద్దయ్యాక ఆ పరుగు మనదేనని తెలుస్తుంది. ఆమె ఎన్నాళ్లనుంచో కోరుకున్నది రేవులో ఉంది, దాన్ని ఇచ్చిన చెయ్యి పెట్టిన ముద్ద ఎదురుగా ఆకులో ఉంది. ఆ ముద్ద తినడానికి పట్టే సమయం ఎంత? వర్తకుడు ఏళ్ల తరబడి దాటేసిన పనినే కూతురు ఒక నిమిషంలో దాటేసింది. పనంతా చేసి, దాని ఫలం నోట్లో పెట్టుకోకుండా తరవాతి సంతోషం వైపు లేచిపోవడం.

అయిదో అధ్యాయంలో తుంగధ్వజ మహారాజు మర్రిచెట్టు కింద గోపాలురు తెచ్చి ఎదుట పెట్టిన ప్రసాదాన్ని గర్వంతో తీసుకోకుండా వెళ్లిపోయాడు. వందమంది కొడుకుల్నీ, సంపదనీ పోగొట్టుకున్నాడు. తిరిగి వచ్చి ఆ గోపాలురతో కలిసే పూజ చేసి ప్రసాదం తిన్నాడు. ఆ కొండంత రాజుకీ విరుగుడు అదే పిడికెడు ముద్ద.

కాబట్టి ఆ ప్రసాదం సంగతి సరిగ్గా తెలుసుకుందాం. మొదటి అధ్యాయంలో స్వామి నారదుడికి చెప్పిన పాకం ఇది: అరటిపళ్లు, నెయ్యి, పాలు, గోధుమ పిండి, అది లేకపోతే వరిపిండి, పంచదార లేదా బెల్లం. అన్నీ 'సపాదం', అంటే ఒకటింబావు వంతున. పెద్దవాళ్లు సవా అంటారు. పిండికి బదులు మన ఇళ్లలో రవ్వ వాడుతున్నాం. ఒకటింబావు గ్లాసు రవ్వకి పంచదార ఒకటింబావు, నెయ్యి ఒకటింబావు, పాలు ఒకటింబావు, అయిదు అరటిపళ్లు. ఆ పాలు చాలవు గనక మరో రెండున్నర గ్లాసుల నీళ్లు. దోసిట్లో పెట్టే ముద్ద చొప్పున ఇరవై మందికి పైగా వస్తుంది.

సగం నెయ్యిలో రవ్వని సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. సెగ ఎక్కువైతే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది. పాలూ నీళ్లూ కలిపి తెర్లుతుండగా రవ్వ పోస్తూ కలపాలి. చల్లటి పాలు పోస్తే ఉండకడుతుంది. రవ్వ పూర్తిగా ఉడికి మెత్తబడ్డాకే పంచదార వేయాలి. తొందరపడి ముందే వేస్తే నీళ్లని పంచదార లాగేసుకుని రవ్వ గింజ బిరుసుగా ఉండిపోతుంది, ఎంతసేపు ఉంచినా ఉడకదు. బెల్లం వేసేవాళ్లు పాలు మానేసి నీళ్లతో ఉడికించడం మేలు, పొయ్యి మీద పాలల్లో బెల్లం పడితే విరుగుతాయి. మిగతా నెయ్యి, యాలకుల పొడి వేసి దించేశాక, కాస్త వేడి తగ్గాక అరటిపళ్లు చిదిపి కలపాలి. మంట మీద ఉండగా కలిపితే నల్లబడి పులుపు తిరుగుతాయి. నివేదనకి ముందు రుచి చూడకూడదు గనక కొలతలు తప్పకుండా చూసుకోవాలి. పంచామృతంలో తేనె, నెయ్యి సమానంగా పోయకండి, ఆయుర్వేదం వద్దంటుంది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉండాలి.

మండపం కింద పరిచిన బియ్యం, నవగ్రహాలకీ వారి అధిదేవతా ప్రత్యధిదేవతలకీ కలిపి 27, లోకపాలకులు 5, దిక్పాలకులు 8, మొత్తం 40 మందికి తమలపాకులూ వక్కలూ, ఇవన్నీ అయ్యవారి జాబితాలో ఉంటాయి, దుకాణంలో దొరుకుతాయి. జాబితాలో లేనిది మనుషుల సమయం. కథా శ్లోకం బంధువులతో కలిసి 'నిశాముఖే', అంటే సాయంసంధ్యలో చేయమంటుంది. "యస్మిన్ కస్మిన్ దినే", ఏ రోజైనా సరే అనీ అంటుంది. ఏకాదశి, పౌర్ణమి, సంక్రమణాలు శ్రేష్ఠమని మనం ఎంచుకుంటాం, మంచిదే. అవి కుదరలేదని ఏళ్లు గడపనక్కర్లేదు.

జరిగే పొరపాటు ఇలా ఉంటుంది. పూజ ఆలస్యంగా మొదలవుతుంది. భోజనాలు చల్లారిపోతాయని కథని అయిదు అధ్యాయాల నుంచి అయిదు నిమిషాలకి కుదిస్తారు. కథ నడుస్తుండగా గృహిణి వంటింట్లో ఉంటుంది, గృహస్థు గుమ్మం దగ్గర ఉంటాడు. వచ్చినవాళ్లు దండం పెట్టుకుని ప్రసాదం కవర్లో కట్టించుకుని ఇంకో ఫంక్షనుకి వెళతారు. దీనికి ఉపాయం పెద్దదేం కాదు. భోజనాల వేళ అరగంట ఆలస్యంగా చెప్పండి. వడ్డనకి పీటల మీద కూర్చోనక్కర్లేని ఒక మనిషిని పురమాయించండి. కథ తెలుగులో చెప్పించుకోండి, అధ్యాయానికో కొబ్బరికాయ కొట్టే దాకా అందరూ ఒక్కచోట కూర్చోండి.

సాధువు ఆ తరవాత ప్రతి పౌర్ణమికీ, సంక్రాంతికీ వ్రతం చేశాడని కథ చెబుతుంది. మరుజన్మలో అతనే మోరధ్వజుడై తన దేహంలో సగాన్ని రంపంతో కోయించి దానమిచ్చాడట. ఒక్క రోజు ఇవ్వడానికి 'యదా, తదా' అన్న మనిషి.

పూజ చివర "యజ్ఞేన యజ్ఞమయజంత దేవాః" అంటూ కలశాన్ని కొద్దిగా ఉత్తరానికి జరుపుతారు. అంతసేపు స్వామిగా కొలిచిన చోటు అక్కడితో మళ్లీ బియ్యం, చెంబు, కొబ్బరికాయ. పసుపు గణపతిని మర్నాడు నీళ్లలో కలిపి తులసి మొదట్లో పోస్తారు. ఈ హడావుడిలో ఆ రోజు ప్రసాదం సరిగ్గా తిననివాళ్లు సాధారణంగా వ్రతం చేసుకున్న దంపతులే. పొద్దుటినుంచీ ఉపవాసం, హారతి అవగానే వచ్చినవాళ్లకి తాంబూలాలు, బట్టలు పెట్టడం, సాగనంపడం. సాయంత్రం చూసుకుంటే గిన్నె అడుగున గీకిన ముద్ద మిగులుతుంది. నివేదన కాగానే రెండు ఆకుల్లో వాళ్ల భాగం తీసి పక్కన పెట్టించండి. తీర్థం పుచ్చుకున్నాక పీటల మీంచి లేవకముందే వాటిని వాళ్ల చేతుల్లో పెట్టండి. రేవులో ఎవరొచ్చినా సరే, తిన్నాకే లేవాలి.